తువ్వాలు కింద బొటనవేలు

గురువారం పొద్దున హరిత వేసుకున్న ప్లాను చాలా మామూలుది. ఇడ్లీ తినాలి, ఆస్పత్రికి వెళ్ళాలి, హైదరాబాదు నుంచి వాసుదేవ్ గారు వచ్చేలోపు ఎవరిదైనా ఒక బొటనవేలిని ముట్టుకోకుండా నాలుగైదు సార్లు కదిలించి చూసుకోవాలి.

హరిత బయోమెడికల్ ఇంజనీరు. కర్నూల్లో డాక్టర్ రాఘవేంద్రప్రసాద్ గారి నరాల ఆస్పత్రిలో చేరి ఏడాదైంది. రెండువేల ఎనిమిదిలో హైదరాబాదు ట్రస్టువాళ్ళు ఆ ఆస్పత్రికి మెదడును అయస్కాంతంతో తట్టే యంత్రం ఒకటి ఇచ్చారు. ఇచ్చారంటే పూర్తిగా ఇవ్వలేదు, వాడి చూపించమన్నారు. ఎనిమిది అంకెలా ఉండే కాయిల్‌ను తలకు ఆనించి మీట నొక్కితే ‘టక్’ మంటుంది. దాని కింద మెదడులో చిన్న చోటొకటి ఉలిక్కిపడుతుంది. అది బొటనవేలిని ఆడించే చోటైతే బొటనవేలు ఎగురుతుంది. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళకు, దిగులుతో మంచం దిగనివాళ్ళకు ఇది పనికొస్తుందని డాక్టరు గారి నమ్మకం.

చిక్కల్లా గురిలోనే ఉంది. కాయిల్ తల మీద ఎక్కడుందో ఒక కెమెరా చూసి కంప్యూటర్ తెర మీద ఎర్రచుక్కగా చూపిస్తుంది. ఆ చుక్క నిజమే చెబుతోందా, దారిలో రవ్వంత అబద్ధం కలుపుతోందా అన్నది తేల్చాలి. పద్ధతి తేలికే. బొటనవేలు కదిలే చోటు వెతికి గుర్తుపెట్టుకోవాలి. కాయిల్ తీసేయాలి. తలవైపు చూడకుండా, చుక్కను నమ్ముకుని మళ్ళీ పెట్టాలి. టక్. బొటనవేలు ఒక్కటే ఎగిరితే గురి కుదిరినట్టు. కొంచెం పక్కకు జరిగితే చూపుడువేలు ఎగురుతుంది. ఇంకా జరిగితే ఏదీ ఎగరదు. ట్రస్టు తరఫున వాసుదేవ్ గారు వచ్చి చూడబోయేది ఇదే. గురి కుదిరితే యంత్రం కర్నూల్లో ఉంటుంది, కుదరకపోతే హైదరాబాదు వెళ్ళిపోతుంది. హరిత ఉద్యోగం మాత్రం ఎక్కడికీ వెళ్ళదు, ఇక్కడే పోతుంది.

తల ఇస్తానని ఒప్పుకున్న ఫిజియోథెరపిస్టు వసంతకుమార్, హరిత ఆస్పత్రి మెట్లెక్కుతుండగా ఫోను చేశాడు.

"సారీ హరితా. మా అమ్మ వద్దంటాంది. పెండ్లి కుదిరేదాకా తలకాయ జోలికి ఎవర్నీ రానియ్యొద్దంట."

"మరి పెండ్లయినాక?"

"అయినాక తలకాయ నా చేతిలో ఉండదు గదా."

హరిత ఫోను పెట్టేసి ఎవరి తల దొరుకుతుందా అని ఆవరణ అంతా చూసింది. సరిగ్గా అప్పుడే గేటులోంచి రెండు తెల్లటి ఎద్దులు, వాటి వెనక ఆమె పెదనాయన తిరుమలయ్య లోపలికి వచ్చారు. కర్నూలు పక్కనే ఆయన పల్లె. పశువుల ఆస్పత్రిలో ఎద్దులకు సూది వేయించి, అన్న కూతుర్ని చూసి చాలా రోజులైందని ఇటు తిరిగాడు. అన్న కూతురు అనేది ఆయన లెక్క. నిజానికి ఆయనే హరిత నాన్నకు అన్న. ప్రేమ ఎక్కువైనప్పుడు ఆయనకు వరసలు తారుమారవుతాయి. ఎద్దుల పేర్లు సుక్కడు, సూరీడు. లేగదూడలప్పటి నుంచి పెద్దమ్మ చెన్నమ్మ చేతి మీద పెరిగినవి. బండలాగుడు పోటీల్లో ఆ జతకు ఆ చుట్టుపక్కల తిరుగు లేదు.

"పెదనాయనా, రవ్వంతసేపు నీ తలకాయ ఇస్తావా?"

"మీ పెద్దమ్మ పెండ్లయినప్పటి నుంచి తింటానే ఉండాది పాపా. మిగిలింది నువ్వు తీసుకో."

ఎద్దుల్ని ఆవరణలో వేపచెట్టుకు కట్టేసి ఆయన లోపలికి వచ్చాడు. హరిత పద్ధతి ప్రకారం అడగాల్సినవన్నీ అడిగింది. "తలలో యాడన్నా ఇనుపముక్కలుండాయా? గుండెకు బ్యాటరీ? ఎప్పుడన్నా మూర్ఛ వచ్చినాదా?"

"ఏమీ లేవు. చెవి మీద బీడీ ఒగటుండాది."

బీడీ తీయించింది. చెవి కమ్మలు, మణికట్టు కడియం కూడా తీయించి, తలకు బిగుతైన గుడ్డ టోపీ తొడిగింది.

యంత్రం గది వరండా చివర ఉంటుంది, మహా ఇరుకు. వచ్చేపోయే రోగులు తొంగిచూస్తారని హెడ్‌నర్సు రాహేలమ్మ గది మధ్యలో పచ్చ తెర కట్టించింది. తెర లోపల కుర్చీ, కాయిల్, కెమెరా, కంప్యూటర్. తిరుమలయ్య కుడిచెయ్యి చాపడానికి లోపల చోటు చాల్లేదు. అందుకని తెర బయట ఒక స్టూలు వేసి, దాని మీద దిండు పెట్టి, చేతిని తెర సందులోంచి బయటికి పెట్టించారు. బొటనవేలి మొదట్లో రెండు బిళ్ళలు అంటించి వాటి తీగలను లోపలున్న చిన్న పెట్టెకు కలిపారు. వేలు ఎంత కదిలిందో ఆ పెట్టె గీత గీసి చూపిస్తుంది.

"యప్పా, ఏసీకి చెయ్యి మంచుగడ్డ అయిపోయింది సూడు," అని రాహేలమ్మ తిరుమలయ్య భుజం మీది ఎర్రంచు తువ్వాలు తీసి ఆ చేతి మీద కప్పింది. తర్వాత వార్డులోకి వెళ్ళిపోయింది. జరగబోయే దానికంతటికీ మూలం ఆ తల్లి మంచి మనసే.

కాయిల్ చప్పుడు చెవులకు మంచిది కాదు కాబట్టి హరిత ముందు పెదనాయన చెవుల్లో, తర్వాత తన చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టాలి. ఆయనకు పెట్టేముందు చెప్పింది. "చెయ్యి లూజుగా ఇడిసిపెట్టు. ఏం జరిగినా కదిలియ్యొద్దు, మాట్లాడొద్దు, తల తిప్పొద్దు."

"ఊపిరి?"

"అది పీల్చుకో."

పని బాగా మొదలైంది. కాస్త వెతగ్గానే బొటనవేలి చోటు దొరికింది. పెట్టె చక్కటి గీత గీసింది. కాయిల్ తీసి, చుక్కను చూస్తూ మళ్ళీ పెట్టింది. టక్. మళ్ళీ అదే గీత. హరితకు ఈల వేయాలనిపించింది.

ఆ సమయానికే పెద్ద ఈరన్న ఆస్పత్రి ముందు నుంచి తన ట్రాలీ బండిలో వెళుతూ వేపచెట్టు కింద సుక్కణ్ణీ సూరీణ్ణీ చూశాడు.

ఈరన్నది కోసిగి. అక్కడ వానలు మొహం చాటేసినా ఆయన ఎద్దుల పిచ్చి మాత్రం ఎండిపోలేదు. ఆ జత మీద ఆయన కన్ను పడి చాలాకాలమైంది. ప్రతి సంతలోనూ అడుగుతాడు, ప్రతి సంతలోనూ తిరుమలయ్య కాదంటాడు. తిరుమలయ్యకు అమ్మే ఉద్దేశం ఏనాడూ లేదు. అమ్మితే చెన్నమ్మ ఇంట్లోకి రానివ్వదు. కాకపోతే అడిగించుకోవడం ఆయనకు అదో సంబరం.

సంతలో ఎద్దుల బేరం నోటితో చేయరు. నలుగురి చెవిన పడకూడదని తువ్వాలు కింద చేతులతో చేస్తారు. అమ్మేవాడు చెయ్యి చాపి తువ్వాలు కప్పుకుంటాడు. కొనేవాడు దాని కింద చెయ్యి దూర్చి వేళ్ళు పట్టి తన ధర చెబుతాడు. అమ్మేవాడు చూపుడువేలు ఎగరేస్తే ఇంకా పెంచమని. బొటనవేలు నొక్కితే ఒప్పుకున్నట్టు. ఒకసారి బొటనవేలు నొక్కాక ఆ మాట వెనక్కు పోదు. చెయ్యి చాపి తువ్వాలు కప్పుకున్న మనిషి, సంతలో, తలుపు తీసిన అంగడితో సమానం.

వాచ్‌మన్ను అడిగి ఈరన్న వరండా చివరి గది తలుపు తోశాడు. ఎదురుగా పచ్చ తెర. తెర సందులోంచి చాపిన చెయ్యి. మోచేతి కింద ఆంజనేయస్వామి పచ్చబొట్టు, ఆపైన తిరుమలయ్య ఎర్రంచు తువ్వాలు. తువ్వాలు కిందనుంచి రెండు తీగలు లోపలికి వెళుతున్నాయి. ఈరన్న గుండె కరిగిపోయింది.

"అయ్యో తిరుమలయ్యా, ఎంత పని జరిగిందప్పా!" అన్నాడు తెరవైపు చూసి. "పాణం మీదికొచ్చి ఆస్పత్రిలో పడుకొని, దుడ్లకోసరం ఎద్దులు అమ్మనీకి చెయ్యి చాపినావా? అప్పటికీ నోరు తెరిచి అడగవే!"

లోపల ఇద్దరి చెవుల్లో బిరడాలు. జవాబు రాలేదు. మాట్లాడే ఓపిక కూడా లేదు కాబోలు అనుకుని, ఈరన్న కళ్ళు తుడుచుకుని, తువ్వాలు కింద చెయ్యి దూర్చాడు.

తెర లోపల పెట్టె గీత ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు ఎగిరిపడింది.

‘గురి పోయింది,’ అనుకుంది హరిత. చుక్క మాత్రం సరైన చోటే ఉంది. అంటే చుక్కే అబద్ధం చెబుతోంది! ఆమె కాయిల్‌ను రవ్వంత పక్కకు జరిపి మీట నొక్కింది. టక్.

తువ్వాలు కింద చూపుడువేలు ఎగిరింది.

"పెంచమంటావా? నాయమే," అన్నాడు ఈరన్న. పెంచి, వేళ్ళు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. గీత ఇంకా గందరగోళమైంది. హరిత కాయిల్‌ను ఇంకాస్త ముందుకు జరిపింది. టక్. చూపుడువేలు. ఈరన్న పెంచాడు. టక్. చూపుడువేలు. ఈరన్నకు చెమటలు పట్టాయి.

"అప్పా, నీకెంత జబ్బయినా, నాకూ పెండ్లాం పిల్లలుండారు గదప్పా!"

టక్. చూపుడువేలు. జాలిపడ్డ మనిషిని ఇంతగా పిండే రోగిని ఆయన ఎక్కడా చూడలేదు. చివరికి, "ఇదే ఆఖరు. దీని మీద రూపాయి గూడ లేదు. నీ ఇష్టం, దేవుని ఇష్టం," అని ఒక ధర చెప్పి, నీరసంతో పట్టు సడలించి, చెయ్యి ఊరికే తువ్వాలు కింద ఆనించి ఉంచాడు.

పట్టు సడలగానే లోపల గీత నిదానించింది. హరిత ఊపిరి పీల్చుకుంది. కాయిల్‌ను మొదట గుర్తుపెట్టుకున్న చోటికి తెచ్చి నొక్కింది. టక్. బొటనవేలు. తీసి, మళ్ళీ పెట్టి నొక్కింది. బొటనవేలు. ఇంకోసారి. బొటనవేలు.

ఎగిరిన వేలు ప్రతిసారీ ఈరన్న అరచేతిని నొక్కింది. తెరకు అటొకరు ఇటొకరు, ఒకే బొటనవేలికి గంతులేశారు.

ఈరన్న ఆ చేతిని కళ్ళకద్దుకుని బయటికి పరిగెత్తాడు. ఎదురుగా ఉన్న అంగడిలో బెల్లం మిఠాయి కొని వాచ్‌మన్‌కూ ఆటోవాళ్ళకూ ఓపీ వరుసలో ఉన్నవాళ్ళకూ పంచిపెట్టాడు. తర్వాత ట్రాలీని గేటులోకి వెనక్కు పెట్టించి, పలక వాల్చి, ఎద్దుల్ని ఎక్కించడం మొదలుపెట్టాడు. సుక్కడు ఎక్కాడు. సూరీడు ముందుకాళ్ళు పలక మీద, వెనక్కాళ్ళు నేల మీద పెట్టి, ఇక కదలనన్నాడు.

ఆ సమయంలో, మొగుడు హరిత దగ్గరికే వచ్చి ఉంటాడని ఊహించి, చెన్నమ్మ చేతిలో సద్ది క్యారియరుతో ఆటో దిగింది. ఓపీ వరుసలోని ముసలావిడ ఆమె చేతిలో కూడా ఒక మిఠాయి ముక్క పెట్టింది. చెన్నమ్మ దాన్ని నోట్లో వేసుకుని, ఏం సంబరమని అడిగింది.

"ఆ ఎద్దులు అమ్ముడుపోయినాయంటమ్మా. పాపం ఆ ఆసామి సావుబతుకుల మీదుండాడంట."

చెన్నమ్మ మిఠాయి ఉమ్మేసి పరిగెత్తింది. గదిలోకి దూసుకొచ్చి తెరను ఒక్క లాగు లాగింది. తెర తాడుతో సహా ఊడి కిందపడింది. "యద్దులు అమ్మినావా? నా సేతి మింద పెరిగిన యద్దులు! నాకు ఒగ మాట చెప్పల్ల అనిపియ్యలేదా?" అని ఆమె ఉరిమింది.

చెవుల్లో బిరడాలతో తిరుమలయ్య ప్రశాంతంగా నవ్వుతూ భార్యను చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఇంత మెల్లగా మాట్లాడటం ఆయన వినలేదు.

హరిత గబగబా ఆయన చెవుల్లోంచి బిరడాలు లాగేసింది. ‘యద్దులు’ అన్న మాట చెవిన పడగానే ఆయన టోపీతో, తీగలతో లేచి బయటికి ఉరికాడు. తీగల వెంట పెట్టె బల్ల మీది నుంచి ఎగిరి నేల మీద పడి రెండు ముక్కలైంది. హరిత ఆ ముక్కల్ని చేతిలో పట్టుకుని బయటికి వచ్చేసరికి, సూరీడు వెనక్కాళ్ళ దగ్గర ఒక తెల్లకారు హారన్ కొడుతోంది. కారులోంచి చేతిలో బ్యాగుతో వాసుదేవ్ గారు దిగారు. ఆయన్ని పలకరించడానికి పూలగుత్తితో వచ్చిన డాక్టరు గారు ఎద్దుకు ఇవతలే ఆగిపోయారు. సూరీడు మెడ తిప్పి ఆ పూలగుత్తిని తినడం మొదలుపెట్టాడు.

"మూడు తూర్లు నొక్కినాడప్పా!" ఈరన్న అరుస్తున్నాడు. "ఒగ తూరి గాదు, మూడు తూర్లు! తువ్వాలు కింద మాట మాటే!"

"నేను నొక్కలేదప్పా, ఆ మిషిను నొక్కింది!" అన్నాడు తిరుమలయ్య.

"ఏలు నీది, నొక్కింది మిషినా? మరి నేను నీ చెయ్యి పట్టుకున్నప్పుడు నీకు తెలీలేదా?"

"నర్సమ్మ నాడి సూస్తాంది అనుకున్నా."

చెన్నమ్మ ఆయన వైపు తిరిగింది. "నర్సమ్మ సెయ్యి అనుకొని గమ్మున కూసున్నావా?"

"ప్రభువా!" అంది గోల విని వార్డులోంచి వచ్చిన రాహేలమ్మ, ఈరన్న బండచెయ్యిని చూస్తూ. "నా చెయ్యి అట్లుంటాదా?"

"అదే, శానా గట్టిగుండాదే అని నేనూ..." తిరుమలయ్య మాట మింగేశాడు.

"మరి సూపుడేలో?" ఈరన్న వదల్లేదు. "ఎగరేసి ఎగరేసి నాతో ఆడిదాకా పెంచిపిచ్చినాడే, అదీ మిషినేనా?"

"అవునప్పా, అది నేను కాయిల్ పక్కకు జరిపినప్పుడు..." అనేసి హరిత నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది. వాసుదేవ్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"పక్కకు జరిగిందా? అంటే గురి తప్పిందన్నమాట."

"లేదు సర్. ఈయన చెయ్యి పట్టుకునేసరికి గీత చెదిరింది. గురి తప్పిందనుకుని నేనే జరిపాను. తర్వాత పాత చోటుకే తెస్తే మూడుసార్లూ బొటనవేలే కదిలింది."

"చూపించండి."

హరిత చేతిలోని రెండు ముక్కలూ చూపించింది.

వాసుదేవ్ గారు వాటిని చూసి, ఎద్దును చూసి, డాక్టరు గారిని చూశారు. "కొలిచే పెట్టె లేకుండా బాగుందని నేనెట్లా అనేది? యంత్రాన్ని సర్దించండి డాక్టర్ గారూ. సాయంత్రం వ్యాను పంపిస్తాను."

డాక్టరు గారు చేతిలో మిగిలిన పూలకాడల్ని చూసుకున్నారు. హరిత వాసుదేవ్ గారికి అడ్డంగా వచ్చింది. "సర్, పెట్టె లేకపోయినా వేలు ఎగిరితే చేత్తో పట్టుకున్నా తెలుస్తుంది. ఒక్కసారి చూడండి సర్."

సూరీడు అడ్డు తొలగేదాకా ఆయన కారు ఎలాగూ కదలదు. సరేనన్నారు. అందరూ గదిలోకి తోసుకుంటూ వచ్చారు. తిరుమలయ్య కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. ఈరన్న తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. టక్.

"సూడండి! మళ్ళా ఒప్పుకున్నాడు!" అన్నాడు ఈరన్న.

"ఇట్లా కాదు," వాసుదేవ్ గారు తల అడ్డంగా ఊపారు. "యంత్రం కదిలిస్తోందని మాకు చూపించి ఎద్దుల్ని కాపాడుకోవాలని ఈయనే కావాలని వేలు కదిలించవచ్చు."

చెన్నమ్మ క్యారియరు కింద పెట్టి కొంగు నడుముకు చుట్టింది.

"అయితే ఈ ఈరన్నను కూసోబెట్టండి సారూ. మిషిను ఏలును కదిలియ్యలేదంటేనే గదా ఈయనకు యద్దులొచ్చేది? ఈయన పాణం బోయినా ఏలు కదిలియ్యడు. ఈయన ఏలు కదిలిందంటే మిషినే."

వాసుదేవ్ గారు ఆమె వైపు తిరిగారు. "హైదరాబాదులో మేమంతా కూర్చుని రాసుకున్న పరీక్షలో కూడా ఇంత మంచి ఏర్పాటు లేదమ్మా," అన్నారు.

"కూసుంటా!" ఈరన్న ఎగిరి కుర్చీలో కూర్చున్నాడు. "నా ఏలు నా మాట తప్ప ఎవురి మాటా ఇనదు."

హరిత ఇనుపముక్కల దగ్గర్నుంచి మూర్ఛ దాకా మళ్ళీ అన్నీ అడిగింది. అన్నిటికీ లేదు లేదు అంటూ ఆయన తలపాగా విప్పాడు. కమ్మలు, ఉంగరాలు, మొలకు కట్టిన తాళంచేతుల గుత్తి, జేబులో సెల్‌ఫోను అన్నీ రాహేలమ్మ చేతిలో పోశాడు. ఆమె ఆయనకు టోపీ తొడిగింది. చెవుల బిరడాలు మాత్రం, మాటలు వినపడేలా, సగమే దూర్చింది. చెన్నమ్మ ఆయన కుడిచేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టింది.

కొత్త తల. ఎక్కడ ఏముందో తెలియదు. హరిత టేపుతో ముక్కు మీది నుంచి మెడ దాకా, చెవి నుంచి చెవి దాకా కొలిచి, టోపీ మీద గుర్తు పెట్టి, కాయిల్ ఆనించింది. టక్.

"ఏమీ ల్యా," అంది చెన్నమ్మ.

"చెప్పలే?" ఈరన్న మీసం మెలేశాడు.

వాసుదేవ్ గారు గడియారం చూసుకున్నారు. హరిత కాయిల్‌ను కొంచెం వెనక్కు జరిపింది. టక్. "సూపుడేలు," అంది చెన్నమ్మ. ఈరన్న మీసం మీది చెయ్యి ఆగింది. హరిత ఇంకొంచెం పక్కకు జరిపింది. టక్.

"బొటనేలు!"

"నేను కదిలియ్యలేదు!" అని ఈరన్న అరిచాడు. అరిచాక ఏమన్నాడో ఆయనకే అర్థమై నోరు మూసుకున్నాడు.

హరిత కంప్యూటర్‌లో ఆ చోటు గుర్తుపెట్టింది. కాయిల్ పూర్తిగా తీసేసింది. ఈరన్న తలవైపు చూడకుండా, తెర మీది చుక్క వైపే చూస్తూ మళ్ళీ పెట్టింది.

చెన్నమ్మ ఈరన్న ముఖంలోకి చూస్తూ అడిగింది. "ఏమప్పా ఈరన్నా, నా యద్దులు నాకు ఇడుస్తావా?"

టక్.

"ఇడుస్తానంటాండాడు."

కిటికీ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. కాయిల్ తీశారు, పెట్టారు. "సద్ది మోసుకొచ్చిన దారి ఖర్చు కింద నీ ట్రాలీ గూడ ఇస్తావా?"

టక్. "ఇస్తాడంట."

"యో! యో! ఆపండప్పా!" ఈరన్న ఎడమచేత్తో కుడి బొటనవేలిని పట్టుకోబోయాడు. రాహేలమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"ఈసారి నేను పెడతాను," అని వాసుదేవ్ గారు కాయిల్ అందుకున్నారు. ఆయన ఆ తలను అంతకుముందు ముట్టుకోలేదు. హరితను గోడవైపు తిరిగి నిలబడమన్నారు. చుక్కను చూస్తూ కాయిల్ ఆనించి, చెన్నమ్మ వైపు చూసి, "అడగండమ్మా," అన్నారు. ఆయన గొంతులో కూడా సరదా మొదలైంది.

"వచ్చే బండలాగుడు పోటీలో మా జత ముందర నీ జతను దింపనని మాటిస్తావా?"

టక్.

గోడవైపు తిరిగి ఉన్న హరిత కళ్ళు మూసుకుంది. చెన్నమ్మ తువ్వాలు తీసి గాల్లోకి ఎగరేసింది.

"మాటిచ్చినాడు!"

గది, కిటికీ, వరండా అన్నీ ఒక్కసారి నవ్వాయి. అందరికంటే గట్టిగా నవ్వింది ఈరన్న. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, నీళ్ళు తాగి, బొటనవేలిని ముఖం ముందుకు తెచ్చుకుని కోపంగా చూశాడు. "ఇంతకాలం తిండి బెట్టి పెంచితే, పరాయోళ్ళ మాట ఇంటావేమిరా నువ్వు?" తర్వాత తిరుమలయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పు లేదప్పా. బేరం ల్యా, ఏమీ ల్యా. తోలకపో నీ యద్దుల్ని."

వాసుదేవ్ గారు హరితను ఇటు తిరగమన్నారు. "వేరే తల, వేరే చెయ్యి, పెట్టింది వేరే మనిషి. అయినా అదే వేలు. నాకింతకంటే ఏం కావాలి? యంత్రం ఇక్కడే ఉంటుంది. మీరూ ఉండండి. కొత్త పెట్టె నేను పంపిస్తాను."

హరిత థాంక్యూ సర్ అందామని నోరు తెరిచింది. రాహేలమ్మ ఆ నోట్లో ఒక బెల్లం మిఠాయి ముక్క పెట్టింది.

బయట ఎద్దుల్ని ట్రాలీ నుంచి దింపుతున్నప్పుడు తిరుమలయ్య ఈరన్న పక్కకు చేరి మెల్లగా అడిగాడు. "ఊరికే అడుగుతాండాలే. ఇంతకీ సూపుడేలు నిన్ను యాడిదాకా తీసకపోయింది?"

ఈరన్న ఆయన చెవిలో చెప్పాడు.

తిరుమలయ్య నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. "అంతదాకా వచ్చినావా? ఓరప్పా! మరి నువ్వు కుర్చీలో ఏలు రవ్వంత బిగబట్టుకొని ఉండగూడదా?" అని, వెనక చెన్నమ్మ దగ్గు వినపడగానే గట్టిగా, "అదే, యద్దులకు నీళ్ళు పెట్టల్లంటాండా," అన్నాడు.

చెన్నమ్మ మొగుణ్ణీ యంత్రం గది కిటికీనీ మార్చి మార్చి చూసి, ఎద్దుల పగ్గాలు తనే పట్టుకుని నడిచింది.

మర్నాడు పొద్దున హరిత వచ్చేసరికి ఓపీ వరుసలో అందరికంటే ముందు చెన్నమ్మ నిలబడి ఉంది. ఆమె చేతిలో ఒక ఉతికిన తువ్వాలు, పక్కన తల దువ్వుకున్న తిరుమలయ్య. ఆమె వెనక ఆ పల్లె ఆడవాళ్ళు ఇంకో నలుగురు, తలా ఒక మొగుణ్ణి మోచెయ్యి పట్టుకుని తెచ్చుకున్నారు.

"ఏమైంది పెద్దమ్మా? పెదనాయనకు బాగలేదా?"

"ఆయప్పకేం, బండరాయి మాదిరుండాడు. నేను అడగల్లనుకున్నవే శానా ఉండాయి పాపా. బొటనేలి కాడ పెట్టు."

ఆ గదిలోకి భార్యాభర్తల్ని కలిపి పంపకూడదన్న నియమం ఆ ఆస్పత్రిలో ఆ రోజు నుంచే అమల్లో ఉంది.